హిమాలయన్ బండికి దీపాలు మార్చుకున్న నా అనుభవం

నా దగ్గర ఉన్నది 2019లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. గాజువాకలో ఉంటాను కాబట్టి సెలవు దొరికితే బండి అరకు వైపో, నర్సీపట్నం మీదుగా లంబసింగి వైపో తిరుగుతుంది. లంబసింగి మంచు చూడాలంటే తెల్లవారకముందే కొండ మీద ఉండాలి. అంటే తెల్లవారుజామున రెండున్నరకు ఇల్లు వదిలి, ఘాట్ రోడ్డంతా చీకట్లోనే ఎక్కాలి. మూడేళ్ళపాటు కంపెనీ ఇచ్చిన హెడ్‌లైట్‌తోనే ఆ దారిలో వెళ్ళాను కానీ, డౌనూరు దాటి మలుపులు మొదలయ్యాక ప్రతిసారీ వేగం ముప్పైకి పడిపోయేది. దారి ఎటు తిరుగుతుందో బండి ముందు వెలుగు చెప్పేది కాదు, అంతకుముందు ఆ దారిలో వెళ్ళిన జ్ఞాపకం చెప్పేది.

ఆ హెడ్‌లైట్‌లో ఉండేది హెచ్4 హాలోజన్ బల్బు. దానిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. దూరాన్ని చూపే హై బీమ్‌కు 60 వాట్లు, కిందికి వంగి దగ్గర రోడ్డును చూపే లో బీమ్‌కు 55 వాట్లు. ఈ వెలుగు చాలదన్న నిర్ణయానికి వచ్చాక చాలామంది చేసే పనే నేనూ చేశాను. హోల్డర్‌లో నేరుగా సరిపోయే ఎల్‌ఈడీ బల్బు ఒకటి తెప్పించి, సాయంత్రం ఇంటి ముందే పావుగంటలో బిగించేశాను. వీధి అంతా తెల్లగా వెలిగిపోయింది. ఇంత తేలికైన పనిని ఇన్నాళ్ళు ఎందుకు వాయిదా వేశానా అనిపించింది.

ఆ ఆనందం తాళ్లపాలెం కూడలి దాకా కూడా నిలవలేదు. అనకాపల్లి దాటిన దగ్గర నుంచి ఎదురుగా వచ్చిన ప్రతి లారీ డిప్పర్ కొట్టింది. నేను లో బీమ్‌లోనే ఉన్నాను, మీట చూసుకున్నాను కూడా. తాళ్లపాలెంలో టీ కోసం ఆగితే, అక్కడే బండి ఆపుకున్న ఒక పెద్దాయన, లారీ డ్రైవర్, నా దగ్గరికి వచ్చి, "ఏటి బాబూ, ఎదురొచ్చేవోడికి కళ్ళుండవనుకున్నావా?" అన్నాడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లో బీమ్‌లోనే వచ్చానని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆ ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక చట్టం ఏమంటుందో వెతికి చదివాను. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లోని 106వ నియమం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. దీపం ముందు 8 మీటర్ల దూరంలో, బండి కుడి అంచుకు అర మీటరు కుడి పక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని ఆ వెలుగు మిరుమిట్లు గొలపకూడదు, ఆ విధంగా దీపం శాశ్వతంగా కిందికి వంగి ఉండాలి. చదివి ఊరుకోకుండా కొలిచి చూడాలనిపించింది. రాత్రి మా అపార్టుమెంటు వెనుక ఖాళీ స్థలంలో బండి పెట్టి, మా ఆవిడను సీటు మీద కూర్చోబెట్టి, టేపుతో ఎనిమిది మీటర్లు కొలిచి, కళ్ళు సరిగ్గా మీటరున్నర ఎత్తుకు వచ్చేలా కొద్దిగా వంగి నిలబడ్డాను. లో బీమ్ వేయమన్నాను. రెండు క్షణాల్లో ముఖం తిప్పుకోవలసి వచ్చింది, ఆ తరువాత కొంతసేపు నేల మీద పడి ఉన్న టేపు కూడా నాకు కనబడలేదు. మూడు వారాలుగా నేను ఎదుటివాళ్ళకు చేస్తున్నది ఇదే.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవడానికి పాత హాలోజన్ బల్బును, ఎల్‌ఈడీ బల్బును పక్కపక్కన పెట్టి చూశాను. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న దోసిలి ఆకారంలో ఒక రేకు ఉంటుంది. ఫిలమెంటు నుంచి కిందికి వెళ్ళే వెలుగును ఆ రేకు ఆపేస్తుంది కాబట్టి రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నె) పై సగానికే వెలుగు చేరి, అక్కడి నుంచి కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. ఎదుటివాడి కంటిని కాపాడేది ఆ చిన్న రేకూ, ఫిలమెంటు ఉన్న కచ్చితమైన చోటూను. ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంటు స్థానంలో ఒక పలకకు రెండు వైపులా అతికించిన చిప్పులు ఉంటాయి. పలక మందం ఎంతో కొంత ఉంటుంది కాబట్టి వెలుగు పుట్టే చోటు ఉండవలసిన బిందువు నుంచి జరిగిపోతుంది. ఆ కొద్దిపాటి తేడానే రిఫ్లెక్టర్ అనేక రెట్లు పెంచి బయటికి పంపిస్తుంది. గోడ మీద చూస్తే హాలోజన్ వెలుగుకు పైన గీత గీసినట్టు అంచు ఉంది, ఎల్‌ఈడీ వెలుగు ముద్దలాగా పైకి పాకింది. వాట్లు, ల్యూమెన్లు ఎన్ని ఉన్నా వెలుగు పడవలసిన చోట పడకపోతే ప్రయోజనం లేదని నాకు అర్థమైంది ఆ గోడ దగ్గరే. ఎల్‌ఈడీ కోసమే తయారైన రిఫ్లెక్టరో, లెన్సో ఉన్న పూర్తి హెడ్‌లైట్ సంగతి వేరు. హాలోజన్ ఇంట్లో ఎల్‌ఈడీని కాపురం పెట్టడంతోనే చిక్కు.

పూర్తి హెడ్‌లైట్ మార్చే ఆలోచన కూడా చేశాను. అయితే కొనేముందు చూసుకోవలసిన విషయం ఒకటుంది. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి మన లో బీమ్ అంచు ఎడమ వైపు కొంచెం పైకి లేచి, రోడ్డు పక్కన నడిచేవాళ్ళను చూపించాలి. కుడి పక్కన నడిచే దేశాల కోసం చేసిన దీపాలలో ఆ లేపు కుడి వైపు ఉంటుంది. అవి మన దగ్గర వాడితే పైకి లేచిన వెలుగు నేరుగా ఎదుటివాడి కళ్ళలోకే పోతుంది. నేను ఆన్‌లైన్‌లో చూసిన వాటిలో చాలావాటికి ఈ వివరమే ఇవ్వలేదు. తెలియని వస్తువు మీద వేలు పోసే బదులు ఉన్న హాలోజన్ దీపం నుంచే పూర్తి పని రాబట్టాలని నిశ్చయించుకున్నాను.

ఆ పని రాబట్టడానికి మల్టీమీటర్ దారి చూపించింది. ఇంజిన్‌ను నిమిషానికి మూడు వేల చుట్ల దగ్గర నిలిపి కొలిస్తే బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉన్నాయి, బల్బు హోల్డర్ వెనుక మాత్రం 12.5 వోల్టులే ఉన్నాయి. తాళం స్విచ్చి, హ్యాండిల్ మీది మీట, సన్నటి తీగలు, ఎర్తింగ్ కలిసి దారిలోనే 1.4 వోల్టులు తినేస్తున్నాయి. ఇది చిన్న లోటు కాదు. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాదాపు వోల్టేజీ 3.4వ ఘాతం చొప్పున తగ్గుతుంది. అంటే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం పోతుంది. నా బండిలో పోతున్నది సరిగ్గా అంతే. బల్బు తప్పని నేను అనుకున్నది నిజానికి తీగల తప్పు.

గాజువాకలో పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు. ఆయనకు ఈ అంకెలు చూపిస్తే, "100/90 బల్బు వేసేద్దామా బాబూ, అందరూ అదే వేయించుకుంటారు" అని ముందు అడిగారు, నేను వద్దన్నాక ఆయనే తృప్తిగా తల ఊపారు. ఆ బల్బుల వేడికి మెత్తబడి వంకర తిరిగిన ప్లాస్టిక్ హోల్డర్లు ఆయన బల్ల సొరుగులో నాలుగైదు ఉన్నాయి, తీసి చూపించారు. అందులో ఒకదాని అంచు నల్లగా మాడి, లోపలి ఇత్తడి పలక పక్కకు ఒరిగి ఉంది. అంత విద్యుత్తుకు తగిన తీగ లేకుండా బల్బు ఒక్కటే మార్చితే జరిగేది అదే.

కాబట్టి బల్బు అదే 60/55 వాట్లు, దారి మాత్రం వేరు. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ తీసుకుని, లో బీమ్‌కు ఒక రిలే, హై బీమ్‌కు ఒక రిలే పెట్టాం. రిలే అంటే చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును కలిపే స్విచ్చి. బల్బుకు తగిలించడానికి కంపెనీ ఇచ్చిన కప్లర్‌ను (ప్లగ్గును) కోయలేదు. అది ఇప్పుడు బల్బును వెలిగించదు, రిలేకు సంకేతం ఇవ్వడమే దాని పని. ఆ చిన్న పనికి దాని గుండా పారే విద్యుత్తు ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు కాబట్టి మీట, తాళం స్విచ్చి చల్లగా ఉంటాయి. ఎర్తింగ్‌ను కూడా ఫ్రేముకు తగిలించకుండా బ్యాటరీ నెగిటివ్ దాకా వేరే తీగ లాగాం. సీటు, ట్యాంకు విప్పి, ట్యాంకు కింద ఫ్రేము వెంబడి తీగను నడిపించడానికే పూట పట్టింది. ఇంధనం గొట్టం ఊడదీయవలసి వస్తుంది కాబట్టి ఆ పని చల్లటి ఇంజిన్ మీద, గాలి ఆడే చోట, ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు చేయడం మంచిది.

పాత బల్బు గాజు పైభాగం లేత బూడిద రంగుకు తిరిగి ఉంది కాబట్టి కొత్తది కొన్నాను. బిగించేటప్పుడు దాని గాజును చేత్తో తాకకూడదు. చర్మం మీది జిడ్డు అంటుకున్న చోట గాజు అధికంగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకుని, మూడు చెవులలో వెడల్పైనది పైకి వచ్చేలా కూర్చోబెట్టి, స్ప్రింగు క్లిప్పు తగిలించి, వెనుక రబ్బరు తొడుగును అంచులన్నీ సర్దుకునేదాకా నొక్కాలి. ఎల్‌ఈడీ బల్బు తోక పొడవు వల్ల నా రబ్బరు తొడుగు మూడు వారాలు సరిగ్గా మూసుకోలేదు. హెడ్‌లైట్ అద్దం లోపల అప్పటికే పలుచటి దుమ్ము పొర కనిపించింది.

పని అయ్యాక మళ్ళీ కొలిస్తే హోల్డర్ దగ్గర 13.6 వోల్టులు ఉన్నాయి. పై లెక్క ప్రకారం వెలుగు మూడో వంతు పెరిగినట్టు. కంటికి కూడా ఆ తేడా బాగా తెలిసింది. పసుపు పచ్చగా నీరసంగా ఉండే హై బీమ్ తేరుకుని, చెట్ల మొదళ్ళు దూరం నుంచే విడివిడిగా కనిపించసాగాయి.

ఇక అదనపు దీపాల సంగతి. దూరం చూపించే రెండు స్పాట్ లైట్లు కొనాలని మొదట అనుకున్నాను. రెండు కారణాలు నన్ను ఆపాయి. అవే నియమాల్లోని 111వ నియమం రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు, సెర్చి లైటు పెట్టడాన్ని నిషేధిస్తుంది. రెండవది, నాకు నిజంగా కొరత ఉన్నది దూరంలో కాదు, మలుపులో. హిమాలయన్ హెడ్‌లైట్ హ్యాండిల్‌కు కాక ఫ్రేముకు బిగించి ఉంటుంది, హ్యాండిల్ తిప్పితే అది తిరగదు. పైగా బండి మలుపులోకి వాలినప్పుడు లో బీమ్ అంచు కూడా వాలుతుంది. మనం చూడవలసిన లోపలి వైపు వెలుగు పొట్టిగా అయిపోయి, అవసరం లేని బయటి వైపు చెట్ల మీదికి లేస్తుంది. లంబసింగి మలుపులలో చీకటి ముద్దలాగా అడ్డం నిలిచేది సరిగ్గా ఆ లోపలి మూల. అక్కడే ఆవు పడుకుని ఉంటుంది, అక్కడే కంకర జారి ఉంటుంది, తెల్లవారుజామున కట్టెల మోపుతో దిగివచ్చే మనుషులు నడిచేదీ ఆ అంచునే.

అందుకని వెడల్పుగా, బల్లపరుపుగా వెలుగు పరిచే ఫాగ్ లైట్లు రెండు తీసుకున్నాను. ఒక్కొక్కటి 15 వాట్లు, పసుపు రంగు, పైన కచ్చితమైన అంచు ఉన్నవి. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని అంటారు గానీ అసలు కారణం అది కాదు. మంచు తుంపర పరిమాణం కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి అన్ని రంగులూ ఇంచుమించు ఒకేలా చెదురుతాయి. మంచులో ఉపయోగపడేది దీపం ఎత్తు, పై అంచు. దీపం కిందుగా ఉండి, వెలుగు కంటి చూపు దారికి అడ్డం రాకుండా నేలను పట్టుకుని పోతే, తెల్లటి గోడ మనకు ఎదురు తిరగదు. పసుపును నేను ఎంచుకున్నది తడిసిన తారు మీద నా కంటికి అది హాయిగా ఉంటుంది కాబట్టి. చాలామంది వీటిని ట్యాంకు పక్కనున్న కడ్డీలకు బిగిస్తారు. నేను ఇంకా కిందికి, లెగ్ గార్డు మీద, హెడ్‌లైట్ కంటే బాగా దిగువన బిగించాను.

ఈ దీపాల వైరింగే నాకు అన్నిటికంటే పెద్ద పాఠం నేర్పింది. ఆ వారం మా ఎలక్ట్రీషియన్ ఊళ్ళో లేరు. అరకు ప్రయాణం ముందుంది. తొందరపడి దారిలో మరో దుకాణంలో తీగలు కలిపించాను. అక్కడి కుర్రాడు అదనపు దీపాల తీగను హెడ్‌లైట్ రిలే ఫ్యూజు వెనకాలే మెలిపెట్టి కలిపి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టాడు. నేను పక్కనే ఉన్నాను, వద్దని చెప్పలేదు. ఆ రాత్రి అనంతగిరి దాటి ఎస్.కోట వైపు దిగుతుండగా వాన పట్టుకుంది. ఒక మలుపులో హ్యాండిల్ పూర్తిగా తిప్పగానే స్విచ్చి తీగ ఫ్రేముకూ హ్యాండిల్‌కూ మధ్య నలిగి, షార్ట్ అయి, ఫ్యూజు పోయింది. ఫాగ్ లైట్లు ఒక్కటే పోతే ఇబ్బంది లేదు, ఒకే ఫ్యూజు మీద ఉన్నందువల్ల హెడ్‌లైట్ కూడా పోయింది. కొండ మలుపులో, వానలో, బండి ముందు ఏమీ లేని నలుపు. బ్రేకు పట్టి, కాలు ఆనించి, ఎడమ పక్క గోడ చేతికి తగిలేదాకా బండిని మెల్లగా నెట్టుకుంటూ వచ్చాను. పది నిమిషాల తరువాత ఒక లారీ దిగుతూ వస్తే ఆపి విషయం చెప్పాను. ఆ డ్రైవరు మాట్లాడకుండా నెమ్మదిగా నడిపాడు, ఇండికేటర్లు వేసుకుని దాని వెనుక ఎర్ర దీపాలను పట్టుకుని కిందికి దిగాను. ఆ లారీ రాకపోయి ఉంటే తెల్లవారేదాకా అక్కడే తడుస్తూ నిలబడేవాడిని.

తిరిగి వచ్చాక తీగలన్నీ విప్పించి మా ఎలక్ట్రీషియన్ దగ్గరే మళ్ళీ మొదలుపెట్టాను. లో బీమ్‌కు ఒక ఫ్యూజు, హై బీమ్‌కు ఒక ఫ్యూజు, రెండూ చెరి 10 ఆంపియర్లవి. ఏ ఒక్కటి పోయినా రెండవది వెలుగుతుంది. ఫాగ్ లైట్లకు వేరే రిలే, వేరే 5 ఆంపియర్ల ఫ్యూజు. రెండూ కలిసి తీసుకునేది రెండు ఆంపియర్ల పైచిలుకే కాబట్టి అది చాలు. ఫ్యూజులు మూడూ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉన్నాయి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న తీగకు రక్షణ ఉండదు. ఎక్కడా మెలిపెట్టి కలపలేదు. సరైన కొనలు వేసి క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాం. టంకం వేయమని నేను అడిగితే ఆయన వద్దన్నారు. ఒక్క సిలిండరు బండి అదురుకు, టంకం గట్టిపడిన చోటుకూ మెత్తటి తీగకూ మధ్య తీగ నలిగి తెగుతుందని చెప్పారు. హ్యాండిల్ దగ్గర తీగకు చాలినంత వదులు ఇచ్చి, ఇరువైపులా చివరిదాకా పదిసార్లు తిప్పి, ఎక్కడా నలగడం లేదని వేలు పెట్టి చూశాం. ఫాగ్ లైట్ల రిలేకు సంకేతం తాళం తిప్పి బండి ఆన్ చేశాకే వచ్చేలా ఇచ్చాం కాబట్టి మరిచిపోయి వదిలేసినా బ్యాటరీ దిగదు.

బండి మీద ఎంత విద్యుత్తు భారం వేయవచ్చో కూడా ముందే చూసుకోవాలి. ఈ బండిలో విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటరు మూడు వేల చుట్ల దగ్గర 220 వాట్లు ఇస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఉంటుంది, ఆర్పే వీలు లేదు. ఇంజిన్ కంప్యూటరు, పెట్రోలు పంపు, ఇగ్నిషన్ వాటా కూడా తీసేస్తే మిగిలేది ఎక్కువ కాదు. నా 30 వాట్లు అందులో ఇమిడాయి. అన్నీ వేసి, బండి నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా కొలిస్తే బ్యాటరీ దగ్గర 13.1 వోల్టులు ఉన్నాయి, ప్రయాణంలో 13.8 దగ్గర నిలబడుతోంది.

చివరి పని గురి చూసుకోవడం. దీనికి ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది వదిలేసే పని ఇదే. మా వీధి బడి ప్రహరీ గోడ ముందు, బల్లపరుపు నేల మీద, పది మీటర్ల దూరంలో బండి పెట్టాను. టైర్లలో గాలి సరిచూసి, ప్రయాణానికి తీసుకుపోయే సామాను వెనుక కట్టి, నేను సీటు మీద కూర్చున్నాక హెడ్‌లైట్ మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తుందో మా ఆవిడ కొలిచి గోడ మీద సుద్దతో గీత గీసింది. దానికి 12 సెంటీమీటర్ల కింద మరో గీత గీసి, లో బీమ్ అంచు ఆ రెండో గీత మీద పడేదాకా దీపం వంపు మార్చాను. ఖాళీ బండి మీద గురి సరిచేస్తే, తరువాత సామాను కట్టగానే వెనుక భాగం దిగి, ముందు వెలుగు లేచి, పడిన శ్రమంతా వృథా అవుతుంది. మనిషిని కూడా ఎక్కించుకుంటే వెనుక సస్పెన్షన్ ప్రీలోడు (స్ప్రింగు బిగువు) పెంచి మళ్ళీ చూసుకోవాలి. ఫాగ్ లైట్లను ఇంకా కిందికి వంచాను, వాటి పై అంచు నా ముందు ఇరవై మీటర్ల దగ్గరే నేలను తాకుతుంది.

ఆ రాత్రే పాత పరీక్ష మళ్ళీ చేశాం. ఎనిమిది మీటర్లు, అర మీటరు కుడికి, మీటరున్నర ఎత్తు. ఈసారి కూడా మా ఆవిడ బండి మీద, నేను ఎదురుగా. లో బీమ్ వెలిగింది. దీపం గుండ్రంగా, దాని వెనుక హ్యాండిల్ మీద ఆమె చేతులు కనిపించాయి. ఫాగ్ లైట్లు కూడా వేయమన్నాను. నా కాళ్ళ దగ్గర నేల పసుపు పచ్చగా మారింది, కళ్ళకు ఏమీ కాలేదు.

జనవరిలో మళ్ళీ లంబసింగి వెళ్ళాను. తాళ్లపాలెం దాకా ఎన్ని లారీలు ఎదురు వచ్చాయో లెక్కపెట్టలేదు గానీ ఒక్కటీ డిప్పర్ కొట్టలేదు. ఊళ్ళలోనూ జాతీయ రహదారి మీదా ఫాగ్ లైట్లు వేయలేదు, డౌనూరు దాటాకే స్విచ్చి నొక్కాను. నాలుగో, ఐదో మలుపులో బండి ఎడమకు వాలగానే లోపలి మూల, ఇదివరకు చీకటి ముద్దగా ఉండే చోటు, గడ్డి పరకలతో సహా తెరుచుకుంది. అక్కడ రోడ్డు అంచున దుప్పటి కప్పుకుని ఒక ముసలామె, వెనుక రెండు మేకలు. నేను వేగం తగ్గించడానికి, ఆమె నన్ను చూసి మేకను దగ్గరికి లాక్కోవడానికి కావలసినంత సమయం ఇద్దరికీ ఉంది. పైన మంచు దట్టంగా ఉన్న చోట హై బీమ్ వేసి చూస్తే తెల్లటి తెర ఎదురుగా లేచింది. దాన్ని తీసేసి లో బీమ్, ఫాగ్ లైట్లతోనే, రోడ్డు ఎడమ అంచు పట్టుకుని, ఇరవై వేగంలో లంబసింగి చేరాను. బండి ఆపి లెగ్ గార్డు బ్రాకెట్ల బోల్టులు తడిమి చూస్తే కుడి వైపుది పావు చుట్టు వదులైంది. స్పానరు తీసి బిగించి, తరువాత ఇంటి దగ్గర ఆ రెండింటికీ నైలాన్ లాక్ నట్లు వేయించాను.